రెక్కల వెనుక లెక్కలు

విమానం ఎక్కినవాళ్లకు కనిపించేది పైలట్లు, ఎయిర్‌హోస్టెస్‌లు. ఆ విమానం వేళకు కదలడానికి నేల మీద కూర్చుని లెక్కలు కట్టేవాళ్లు వేరే ఉంటారు. ఇంటర్‌ తర్వాత ‘ఏవియేషన్‌ మేనేజ్‌మెంట్‌’ అని మనవాళ్లు చేరుతున్న చదువు అసలు ఆ లెక్కలదే. చేరేముందు ఆ సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

2025 డిసెంబరు మొదటి వారంలో శంషాబాద్‌ విమానాశ్రయం బస్టాండుకన్నా అధ్వానంగా తయారైంది. సూట్‌కేసులు గుట్టలుగా పేరుకుపోయాయి. శబరిమలకు బయల్దేరిన అయ్యప్ప స్వాములు కొచ్చి విమానం ఎంతకీ కదలకపోయేసరికి గేటు దగ్గరే బైఠాయించి శరణుఘోష అందుకున్నారు. డిసెంబరు 5న ఒక్కరోజే ఇండిగో దేశమంతటా వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. తుపాను లేదు, యుద్ధం లేదు, సమ్మె లేదు. విమానాలున్నాయి, ఇంధనం ఉంది, ప్రయాణికులు కిక్కిరిసి ఉన్నారు. ఏ పైలట్‌ ఏ రోజు ఏ విమానం ఎక్కాలో చెప్పే డ్యూటీ పట్టిక మాత్రం కుదరలేదు.

కుదరకపోవడానికి కారణం రహస్యమేమీ కాదు. పైలట్ల అలసట మీద పౌరవిమానయాన డైరెక్టరేట్‌, అంటే డీజీసీఏ, 2024 జనవరిలోనే కొత్త నిబంధనలు ప్రకటించింది. వారానికి ఏకబిగిన ఇవ్వాల్సిన విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి వేళ ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ‘రాత్రి’ అనే లెక్క కూడా తెల్లవారుజామున అయిదుతో ఆగకుండా ఆరు దాకా సాగింది. రెండో విడత అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 1న. మధ్యలో దాదాపు రెండేళ్లు గడువు. నిన్నటిదాకా ఇద్దరు పైలట్లతో నెట్టుకొచ్చిన రాత్రి డ్యూటీకి ఇవాళ నలుగురు కావాలంటే, ఆ అదనపు ఇద్దరూ ముందు ఏడాదే శిక్షణలో ఉండాలి. శీతాకాలం షెడ్యూలులో ఇండిగో సర్వీసులు పెంచి, మనుషుల్ని తెలివిగా సర్దేద్దామనుకుంటే సర్దుబాటుకు సందే లేకుండాపోయింది. దేశంలో విమానం ఎక్కేవాళ్లలో 60 శాతానికి పైగా మందిని ఒకే సంస్థ మోస్తున్నప్పుడు, ఆ సంస్థ పట్టిక చిరిగితే దేశం మొత్తానికీ చిరిగినట్టే.

బీబీఏ ఏవియేషన్‌, బీఎస్సీ ఏవియేషన్‌, ఎంబీఏ ఏవియేషన్‌ మేనేజ్‌మెంట్‌... పేరేదైనా, ఈ కోర్సుల్లో ‘క్రూ రోస్టరింగ్‌’ అని, ఆ డ్యూటీ పట్టిక వేయడం నేర్పే పాఠం ఒకటి ఉంటుంది. విద్యార్థులు సాధారణంగా ఆవలిస్తూ వినే పాఠం. ఆ డిసెంబరు వారం తర్వాత ఎవరూ ఆవలించి ఉండరని ఆశిద్దాం.

పోస్టర్‌లో అమ్మాయి, పుస్తకంలో అంకెలు

పెళ్లిలోనో, గృహప్రవేశంలోనో ఈ సంభాషణ చాలామంది విని ఉంటారు.

‘ఏం చదువుతున్నావమ్మా?’

‘బీబీఏ ఏవియేషన్‌ అంకుల్‌.’

‘ఓహో, ఎయిర్‌హోస్టెస్‌ అవుతావన్నమాట!’

తప్పు ఆ పెద్దాయనది కాదు. అమీర్‌పేటలో కోచింగ్‌ సెంటర్ల బోర్డుల మీద కనిపించే బొమ్మ అదే మరి. మెడలో స్కార్ఫు, చేతిలో ట్రాలీ బ్యాగు, వెనక నీలాకాశం. కింద పెద్దక్షరాల్లో ‘100 శాతం ప్లేస్‌మెంట్‌’. నిజానికి క్యాబిన్‌ క్రూ ఉద్యోగానికి మామూలుగా ఇంటర్‌ పాసైతే చాలు, మిగతా శిక్షణ ఎయిర్‌లైన్సే ఇస్తుంది. అందుకోసం మూడేళ్లు, లక్షల రూపాయలు పోయక్కర్లేదు. మరి ఈ డిగ్రీ దేనికి?

విమానం నేల మీద ఉన్న అరగంటను చూస్తే దేనికో తెలుస్తుంది.

హైదరాబాద్‌ నుంచి విశాఖకు నూట ఎనభై మందితో ఓ విమానం వచ్చి బేలో ఆగింది. మరో అరగంటలో మరో నూట ఎనభై మందితో అది తిరిగి ఎగరాలి. చక్రాల కింద చాక్స్‌ అనే అడ్డుదిమ్మలు పడ్డ క్షణం నుంచి గడియారం మొదలు. ముందువైపు నిచ్చెన ఆనుతుంది. పొట్ట తలుపు తెరిచి లోడర్లు సామాను దించుతుంటారు. రెక్క కింద ఇంధనం పైపు బిగుస్తుంది. తోక వైపు టాయిలెట్‌ బండి, ఇటువైపు తిండి బండి. దిగేవాళ్లు దిగుతుండగానే సీట్ల జేబుల్లో చెత్త ఏరడం మొదలవుతుంది. చవక విమానాల్లో ఆ పని కూడా ఎయిర్‌హోస్టెస్‌లదే. పెళ్లిలో ఒక పంక్తి లేవగానే విస్తళ్లు తీసి, నీళ్లు చల్లి, మరో పంక్తిని కూర్చోబెట్టే హడావిడి ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఎవరు ఏ నిమిషంలో వచ్చి ఏ నిమిషంలో తప్పుకోవాలో ముందే రాసి ఉంటుంది. ఇంధనం బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ రెండు నిమిషాలు ఎవరి ఖాతాలో పడాలో కూడా రాసి ఉంటుంది.

ఈలోగా లోడ్‌షీట్‌ తయారవుతుంది. ఎంతమంది, ఎక్కడ కూర్చున్నారు, ఏ అరలో ఎంత సామాను, బరువు కేంద్రం ఎక్కడ పడుతోంది... ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రయాణికుల్ని ఒక్కొక్కరినీ కాటా ఎక్కించరు. మన దేశంలో పెద్దవాళ్లయితే చేతిసంచితో కలిపి 75 కిలోలు, పిల్లలైతే 35, చంటిపిల్లలైతే 10 అని లెక్క కట్టేస్తారు. (మన పెళ్లిళ్ల సీజనులో ఆ 75 సరిపోతుందా అన్న అనుమానం రావడం సహజం. ఎక్కేది నూట ఎనభై మంది కనుక కొందరిది తగ్గి కొందరిది పెరిగి సగటు కుదురుతుంది.) కెప్టెన్‌ సంతకం పెడితేనే విమానం వెనక్కి జరుగుతుంది. ఆలస్యమైతే ప్రతి ఆలస్యానికీ ఓ అంకె ఉంది. అంతర్జాతీయ కోడ్‌ 93 అంటే ‘రావాల్సిన విమానమే ఆలస్యంగా వచ్చింది’ అని. పొద్దున ఢిల్లీ పొగమంచులో ఇరుక్కున్న విమానమే మధ్యాహ్నం హైదరాబాద్‌కు, సాయంత్రం విశాఖకు రావాలి. విశాఖలో ఆకాశం నిర్మలంగా ఉన్నా అక్కడి బోర్డు మీద ఆలస్యం ఎందుకు కనిపిస్తుందో ఆ 93 చెబుతుంది.

2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌ అప్‌డేట్‌ వికటించి ప్రపంచమంతా కంప్యూటర్లు మొరాయించినప్పుడు, హైదరాబాద్‌ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి బోర్డింగ్‌ పాస్‌ చేత్తో రాసిచ్చారు. ఆ కాగితం ఫొటో దేశమంతా తిరిగింది, అందరూ నవ్వుకున్నారు. కంప్యూటర్‌ లేకపోతే పని ఎలా నడపాలో ముందే రాసిపెట్టుకోబట్టే ఆ రోజు ఆ విమానం ఎగిరింది. ఆ రాసిపెట్టుకోవడం ఈ చదువులో భాగమే.

ఒకటి పాయింటు డెబ్బై ఏడు

ఏవియేషన్‌ కోర్సుల్లో తరచూ చెప్పే కథ ఒకటుంది. 1983 జులై 23న ఎయిర్‌ కెనడాకు చెందిన కొత్త బోయింగ్‌ 767 మాంట్రియల్‌లో బయల్దేరి, ఒట్టావాలో ఆగి, ఎడ్మంటన్‌ వెళ్తోంది. ఇంధనం కొలిచే మీటరు పనిచేయడం లేదు. అందుకని మాంట్రియల్‌లో ట్యాంకుల్లో పుల్ల ముంచి కొలిచారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. లీటర్లను కిలోలుగా మార్చాలంటే సుమారు 0.8తో గుణించాలి. వాళ్లు గుణించింది 1.77తో. అది లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. దాంతో ట్యాంకులో 13,597 ‘కిలోలు’ ఉన్నట్టు తేలింది. మిగిలినదానికని 4,916 లీటర్లు పోయించుకున్నారు. నిజానికి పోయాల్సింది ఇరవై వేల లీటర్ల పైమాటే.

41 వేల అడుగుల ఎత్తులో ఇంధనం నిండుకుంది, ఇంజిన్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. విమానంలో 69 మంది. కెప్టెన్‌కు గ్లైడర్లు నడిపే అలవాటుంది, ఫస్టాఫీసర్‌కు గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరం తెలుసు. ఇంజిన్‌ లేని ఆ భారీ విమానాన్ని తేల్చుకుంటూ అక్కడికి తెచ్చి దించారు. ఆ రన్‌వే అప్పటికే కార్ల పందేల మైదానంగా మారింది, దిగే సమయానికి అక్కడ జనం కూడా ఉన్నారు. అయినా ఎవరి ప్రాణమూ పోలేదు.

వినేవాళ్లు పైలట్ల సాహసం దగ్గర ఆగిపోతారు. మేనేజ్‌మెంట్‌ విద్యార్థి ఆగాల్సిన చోటు వేరు. పాత విమానాల్లో ఇంధనం లెక్క చూసేందుకు ఫ్లయిట్‌ ఇంజినీర్‌ అని మూడో మనిషి ఉండేవాడు. కొత్త 767లో ఆ ఉద్యోగం తీసేశారు. దేశం అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకు మారుతోంది. ఆ సంస్థలో కిలోల లెక్కతో వచ్చిన తొలిరకం విమానం ఇదే. మనిషిని తీసేశారు, కొలత మార్చారు, ఆ మనిషి చేసే లెక్క ఇకనుంచి ఎవరు చేయాలో మాత్రం ఎవరికీ స్పష్టంగా అప్పగించలేదు. లెక్క తప్పింది ఆ రోజు రన్‌వే పక్కన. అసలు తప్పు అంతకుముందెప్పుడో ఆఫీసులోనే జరిగిపోయింది.

సంక్రాంతికి రేటెందుకు పెరుగుతుంది?

పక్కపక్క సీట్లే. ఒకాయన మూడు వేలు కట్టాడు, ఇంకొకాయన తొమ్మిది వేలు. ఇదేం న్యాయమని రెండో ఆయన ఆవేదన. న్యాయం సంగతి తర్వాత, లెక్క చూద్దాం. 1972లో బ్రిటిష్‌ విమాన సంస్థ బీఓఏసీలో పనిచేసిన కెన్‌ లిటిల్‌వుడ్‌ ఓ సూత్రం చెప్పాడు. ఒక సీటును ఇప్పుడే 3,000కు అమ్మేయాలా, చివరి నిమిషంలో 9,000 ఇచ్చే మనిషి కోసం అట్టేపెట్టాలా? అలాంటి మనిషి వచ్చే అవకాశం మూడింట ఒక వంతు కన్నా ఎక్కువనిపిస్తే ఆపాలి, తక్కువైతే అమ్మేయాలి. అంతే. ఇవాళ కంప్యూటర్లు చేసే రేట్ల మాయాజాలానికి ఈ ఒక్క వాక్యమే విత్తనం. ఎగిరిపోయిన విమానంలో ఖాళీ సీటును మర్నాడు అమ్ముకోలేం. విత్తనం వెనకున్న భయం అది.

సంక్రాంతికి మన దగ్గర ఇంకో చిక్కుంది. భోగికి ముందు హైదరాబాద్‌ నుంచి విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ వైపు సీటు దొరకదు. అదే విమానం తిరుగు ప్రయాణంలో సగం ఖాళీగా వస్తుంది. కనుమ తర్వాత అంతా తిరగబడుతుంది. అంటే వెళ్లేవాళ్లు కట్టే టికెట్టులో రాబోయే ఖాళీ సీట్ల ఖర్చు కూడా కలిసి ఉంటుంది. ఇది తెలిసినా ఒళ్లు మండక మానదనుకోండి. డిసెంబరు గందరగోళంలో మిగతా సంస్థల రేట్లు ఆకాశాన్నంటినప్పుడు కేంద్రం కళ్లెం వేయాల్సి వచ్చింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలకు మించకూడదని ఆదేశించింది. మార్కెట్‌ సూత్రం ఎక్కడిదాకా వెళ్లనివ్వాలి, ప్రభుత్వం ఎక్కడ అడ్డుపడాలి అన్నది క్లాసులో గంటల తరబడి వాదించుకోదగ్గ విషయం. ఏ కాలేజీలోనైనా అలా వాదించుకుంటున్నారంటే అక్కడ చదువు సాగుతున్నట్టే లెక్క.

ఇరుముడిలో కొబ్బరికాయ

విమానయాన చట్టాలంటే పిల్లలకు నిద్రొస్తుంది. 1944 షికాగో ఒప్పందం, దానికి పందొమ్మిది అనుబంధాలు, ఒకటి రన్‌వేల మీద, ఒకటి ప్రమాదకర సరుకుల మీద... కానీ అవి మన వంటింటి దాకా వస్తాయి. ఎండుకొబ్బరి, తెలంగాణలో మనం కుడుక అనేది, అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది. దాని నంబరు 1363. నూనె ఎక్కువ కనుక తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని కారణం. అమెరికాలో ఉన్న కూతురికి కారప్పొడుల పక్కన కుడుకలు కూడా సర్దిన తల్లి, కౌంటర్లో అవి తీసి పక్కన పెట్టినప్పుడు నొచ్చుకుంటుంది. తీసినవాడు ఆమె మీద కక్షతో తీయలేదు.

పచ్చి కొబ్బరికాయది మరో కథ. క్యాబిన్‌లోకి తీసుకెళ్లే సంచిలో దాన్ని అనుమతించరు. మరి ఇరుముడిని కార్గోలో వేయడానికి ఏ స్వామీ ఒప్పుకోడు. 2024 అక్టోబరులో పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు ఇరుముడిలోని కొబ్బరికాయకు ప్రత్యేక అనుమతి ప్రకటించారు. మకరజ్యోతి సీజను ముగిసేలా 2025 జనవరి 20 దాకా గడువు పెట్టారు. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల పరీక్ష, చేతి తనిఖీ తప్పనిసరి. నియమం నియమంగానే ఉంది, భక్తుడి సంచీ చేతిలోనే ఉంది. మధ్యలో ప్రతి ఎయిర్‌పోర్టులో తనిఖీ లైన్ల దగ్గర మనుషుల్ని పెంచాల్సింది, వాళ్లకు కొత్త పద్ధతి నేర్పాల్సింది మాత్రం ఆపరేషన్స్‌ మేనేజరే.

కార్గో అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు కానీ, హైదరాబాద్‌లో ఈ చదువు చదివేవాళ్లకు అసలు అవకాశం అక్కడుందని నా అభిప్రాయం. 2021 జూన్‌ 1న రష్యా నుంచి స్పుత్నిక్‌-వీ టీకాలు 56.6 టన్నులు ఒకే విమానంలో శంషాబాద్‌లో దిగాయి. సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంచాల్సిన సరుకు అది. గంటన్నరలో కాగితాలు, కస్టమ్స్‌ అన్నీ పూర్తిచేసి బయటికి పంపారు. మందుల కంపెనీల ఊరు కాబట్టి చల్లదనం చెడకుండా సరుకు పంపడం ఇక్కడ రోజువారీ పని. పోస్టర్‌ మీద ఎక్కేంత అందం దానికి లేదు.

నూటయాభై కిలోమీటర్ల గీత

వరంగల్‌ మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం దశాబ్దాలుగా ఎందుకు పడావు పడి ఉందని అడిగితే చాలామంది రాజకీయ నాయకుల్ని తిడతారు. ఒక కారణం కాగితం మీదే ఉంది. శంషాబాద్‌ విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల లోపు పోటీగా మరో విమానాశ్రయం పాతికేళ్లదాకా రాకూడదు. డబ్బు పెట్టేవాడికి ఆ హామీ కావాలి. లేకపోతే అప్పిచ్చే బ్యాంకు ముందుకు రాదు. అప్పటి వాటాలు చూడండి. జీఎంఆర్‌ 63 శాతం, మలేసియా సంస్థ 11, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల తరఫున 13 చొప్పున. 2008 మార్చి 23న శంషాబాద్‌ తెరుచుకుంది, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. చివరికి శంషాబాద్‌ యాజమాన్యం అభ్యంతరం లేదని రాసిచ్చాకే, 2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం పచ్చజెండా ఊపింది.

ఒక ఒప్పందంలోని ఒక్క షరతు ఒక జిల్లా రెక్కల్ని ఎన్నేళ్లు కట్టిపడేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. రాజాం నుంచి జనపనార వ్యాపారంతో మొదలై ఢిల్లీ విమానాశ్రయం దాకా వెళ్లిన జీఎంఆర్‌ అధినేత గ్రంధి మల్లికార్జునరావు కథ మనవాళ్లందరికీ తెలుసు. ఆ విజయం ఇలాంటి షరతుల మీద నిలబడిందన్నది మన మేనేజ్‌మెంట్‌ క్లాసుల్లో కూడా చెప్పాలి.

డిగ్రీ ఇవ్వనివి

ఇక చేదు మాటలు. ఈ డిగ్రీతో పైలట్‌ కాలేరు. దానికి 200 గంటలు ఎగిరి డీజీసీఏ లైసెన్సు తెచ్చుకోవాలి. విమానం మరమ్మతు చేయలేరు. ఆ లైసెన్సు దారి వేరు. ఫ్లయిట్‌ డిస్పాచర్‌ కావాలంటే డీజీసీఏ ఆమోదం కావాలి. అందరికన్నా ఎక్కువ మోసపోయేది ఎయిర్‌ ట్రాఫిక్‌ కంట్రోలర్‌ కావాలనుకునేవాళ్లు. ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ ఆ ఉద్యోగానికి అడిగేది ఫిజిక్స్‌, మ్యాథ్స్‌తో బీఎస్సీ, లేదా ఇంజినీరింగ్‌. బీబీఏ ఏవియేషన్‌ చదివిన పిల్ల దరఖాస్తు కూడా పెట్టలేదు. ‘ఏవియేషన్‌’ అన్న పేరున్న డిగ్రీకి లేని అర్హత, పక్కూరి ప్రభుత్వ కాలేజీ బీఎస్సీకి ఉంది. అడ్మిషన్‌ కౌంటర్లో ఈ మాట చెప్పేవాళ్లు నాకు తగల్లేదు.

డిగ్రీ ఇచ్చేవి కూడా ఉన్నాయి. ఎయిర్‌పోర్టు ఆపరేషన్స్‌ కంట్రోల్‌ రూమ్‌, ఎయిర్‌లైన్‌ నెట్‌వర్క్‌ ప్లానింగ్‌, రేట్ల విభాగం, కార్గో, గ్రౌండ్‌ హ్యాండ్లింగ్‌, భద్రతా నిర్వహణ. కాకపోతే మొదటి ఉద్యోగం చాలామందికి చెక్‌ఇన్‌ కౌంటరే, మూడు షిఫ్టులూ చేయాలి, జీతం చూసి ఇంట్లోవాళ్లు ‘దీనికా ఇంత ఫీజు కట్టింది’ అంటారు. అక్కడ రెండేళ్లు ఓపిక పట్టినవాళ్లు లోపలి గదుల్లోకి వెళ్తారు. ఓపిక లేనివాళ్లు బ్యాంకు కాల్‌సెంటర్‌కు వెళ్తారు.

ఎక్కడ చదవాలి? పార్లమెంటు చట్టంతో 2013లో ఏర్పాటైన రాజీవ్‌గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉంది. వడోదరలో రవాణా రంగం కోసమే పెట్టిన గతిశక్తి విశ్వవిద్యాలయం కేంద్రానిదే. దేహ్రాదూన్‌లోని యూపీఈఎస్‌ లాంటి ప్రైవేటు వర్సిటీలు ఉన్నాయి. మన ఊళ్లో చేరేవాళ్లు మాత్రం రెండు మూడు పరీక్షలు పెట్టి చూడాలి. డిగ్రీ ఇచ్చేది యూజీసీ గుర్తింపున్న వర్సిటీయేనా? లేక శిక్షణ సంస్థ సొంత సర్టిఫికెట్టా? పాఠాలు చెప్పేవాళ్లలో ఎయిర్‌లైన్‌లోనో, ఎయిర్‌పోర్టులోనో రాత్రి డ్యూటీ చేసినవాళ్లు కనీసం ఒకరైనా ఉన్నారా? ఇంటర్న్‌షిప్‌ అంటే రాసుకొచ్చిన ఉత్తరమా, విమానాలు నిలిచే ర్యాంప్‌ మీదికి అనుమతించే పాసా? ఇంకో చిన్న చిట్కా. చట్టం పుస్తకం తెరిచి చూడండి. 1934 నాటి విమాన చట్టం పోయి, దాని స్థానంలో భారతీయ వాయుయాన్‌ అధినియమ్‌ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నోట్సులో ఇంకా 1934 చట్టమే ఉంటే, ఆ కాలేజీ గడియారం ఎక్కడ ఆగిందో అర్థమైపోతుంది.

భోగాపురం మకాం

ఈ చదువుకు మన గడప దగ్గర దొరికిన పెద్ద ప్రయోగశాల, విశాఖ విమానాశ్రయం మకాం మార్చే భోగాపురం. 2019 ఫిబ్రవరిలో ఓసారి, 2023 మేలో మరోసారి, ఇలా ఇద్దరు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేసిన విమానాశ్రయం. కేంద్రంలో పౌరవిమానయాన శాఖను 2014 నుంచి నాలుగేళ్లు విజయనగరం అశోక్‌గజపతిరాజు చూశారు, 2024 నుంచి శ్రీకాకుళం రామ్మోహన్‌నాయుడు చూస్తున్నారు. ఈ ప్రాంతానికి విమానయానంతో చుట్టరికం బలమైనదే. విశాఖలో ఇన్నాళ్లూ ప్రయాణికుల విమానాలు నడిచింది నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్‌ డేగలో. రన్‌వే వాళ్లది, వేళలు వాళ్లిచ్చినవి.

పాత చోటు నుంచి కొత్త చోటుకు విమానాశ్రయం మకాం మార్చడం ఈ రంగంలో అతి కష్టమైన పరీక్షల్లో ఒకటి. తెరవడానికి నెలల ముందే అద్దె ప్రయాణికుల్ని పెట్టి, ఖాళీ సూట్‌కేసులు బెల్టుల మీద పంపి, ఉత్తుత్తి అగ్నిప్రమాదాలు సృష్టించి, వీల్‌చైర్‌లో ఒకర్ని కూర్చోబెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తోయించి, ఎక్కడ ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటారు. తేడా వస్తే మళ్లీ మొదటికి. ఇలాంటి పనికి కావాల్సిన వందలమంది ఉత్తుత్తి ప్రయాణికుల్లో ఉత్తరాంధ్ర కాలేజీల ఏవియేషన్‌ విద్యార్థులు ఉండేలా చూడటం పెద్ద ఖర్చు కాదు. వరంగల్‌లో మామునూరు లేచేటప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయం పిల్లలకూ అదే అవకాశం ఇప్పించవచ్చు. అడగాల్సింది కాలేజీల యాజమాన్యాలే. ఫీజు కట్టిన తల్లిదండ్రులు అడ్మిషన్‌ రోజునే ఈ మాట తేల్చుకోవాలి: ‘మా పిల్లల్ని ఎయిర్‌పోర్టు లోపలికి ఎప్పుడు తీసుకెళ్తారు సార్‌, ఏ సెమిస్టరులో, ఎన్ని రోజులు?’ జవాబు కాగితం మీద రాసిమ్మనండి.